ఎడంచేతి పిల్ల గుంత

సుత్తి అంటారు గానీ అది సుత్తి కాదు. నాలుగు కిలోల ఇనుప గుండు, దానికో తీగ, తీగ చివర చేత్తో పట్టుకోవడానికి ముక్కోణపు పిడి. దాంతో గోడకు మేకు కూడా కొట్టలేం. వల కట్టిన గూట్లో నిలబడి, గిరగిరా నాలుగు చుట్లు తిరిగి, డెబ్భై మీటర్ల అవతల ఉన్న గడ్డి మీద ఆ గుండును పడేయడమే దాని పని. ఆ గడ్డిని పదకొండేళ్ళుగా పెంచుతున్నది నేను. అందుకే సుత్తి విసిరేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు.

ఈ మాట ఇంట్లో అంటే మా ఆయన నవ్వుతాడు. ఆయన బస్సు డ్రైవరు. "నీ గడ్డి మీద దోమ వాలినా నీకు ఒళ్ళు మంటే," అంటాడు. అన్నం ముందు కూర్చునేటప్పుడు నా గోళ్ళ వంక చూసి, పాత పళ్ళ బ్రష్షు తెచ్చి నా చేతిలో పెడతాడు. ఎంత తోమినా గోళ్ళ మూలల్లో సన్నటి నల్ల గీత ఉండనే ఉంటుంది. మా నాన్న గోళ్ళకీ అలాగే ఉండేది.

ప్రపంచ పోటీలు మా స్టేడియానికి వచ్చాయని ఊరంతా సంబరపడుతుంటే నేను మాత్రం గడ్డికి ఎన్ని గుంతలు పడతాయో లెక్క వేసుకున్నాను. ఆరో రోజు సాయంత్రం ఆడవాళ్ళ సుత్తి ఫైనలు. పన్నెండు మంది. ముందు తలా మూడుసార్లు విసరాలి. ఆ మూడింటిలో ఎవరిది మంచి దూరమో చూసి ఎనిమిది మందిని ఉంచుతారు, నలుగుర్ని పంపేస్తారు. మిగిలిన ఎనిమిది మందికి ఇంకో మూడు. అంటే అరవై గుంతలు. మనిషి తల పట్టేంతవి అరవై.

నా పని ఇది. గుండు పడుతుంది. కొలిచే మాస్టారు అద్దం కర్ర పట్టుకుని వస్తారు. ఆ కర్ర మొనకు మేకు, పైన చిన్న అద్దం ఉంటాయి. గుంత అంచుల్లో విసిరినవాళ్ళకు దగ్గరగా ఉన్న అంచు దగ్గర మేకు గుచ్చితే, అక్కడెక్కడో పెట్టిన యంత్రం ఆ అద్దాన్ని చూసి దూరం చెప్పేస్తుంది. ఆయన పక్కకు తప్పుకోగానే నేను బకెట్టుతో పరిగెత్తి, ఇసుక కలిపిన మట్టి పోసి, మట్టిని అదిమే దిమ్మిసతో నాలుగు దెబ్బలు వేసి, పైన గడ్డి ముక్క మూతలా పెట్టి, మళ్ళీ తెల్ల గీత బయటికి వచ్చేయాలి. ఇదంతా తర్వాతి మనిషి గూట్లోకి అడుగుపెట్టేలోపు. అవతలి గీత దగ్గర ఇదే పని చేయడానికి పొడుగామె ఉంది. ఆమె నాకన్నా రెండేళ్ళు చిన్నది, నాకన్నా రెండింతలు మాట్లాడుతుంది.

విసిరేవాళ్ళ మొహాలు నాకు తెలియవు. నేనున్న చోటికి వాళ్ళు బొటనవేలంత కనిపిస్తారు. కానీ వాళ్ళ గుంతలు తెలుసు. ఒకామె గుండు నిట్టనిలువుగా దిగి మోచేతి లోతు గుంత చేస్తుంది. ఇంకొకామెది ఏటవాలుగా వచ్చి గడ్డిని అర గజం గీరి పారేస్తుంది. ఆవిడంటే నాకు కడుపు మంట. ఎడంచేతి పిల్ల ఒకతె ఉంది. అందరూ ఒక వైపు తిరిగితే తను రెండో వైపు తిరుగుతుంది. ఆమె గుండు ఎప్పుడూ నా పక్కకే, గీతకు ఆరడుగుల లోపలే పడుతుంది. తీగ కూడా అందరిదీ ఒక వైపు వాలితే ఈమెది ఇంకో వైపు వాలుతుంది. ఆమె చేసే గుంత మాత్రం ముచ్చటగా ఉంటుంది. గుండ్రంగా, అంచు చెదరకుండా, ఎవరో కూర్చుని చెక్కినట్టు. పొద్దున సాధన చేసేటప్పుడే చూశాను. నా గడ్డిని పాడుచేసేవాళ్ళలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం వెలుగు చిత్రంగా ఉంది. సూర్యుడు గోడ వెనక్కి దిగాడు, లైట్లు వేశారు, రెండు వెలుగులూ కలిసి గడ్డి మీద ఎవరికీ నీడ లేకుండా పోయింది. పొడుగామె నడుస్తుంటే తేలిపోతున్నట్టు ఉంది. జనం అరుపులు పక్క వీధిలో వానలా వినిపిస్తున్నాయి. గుండు వల గూటిని దాటి పైకి లేచినప్పుడు అసలు చప్పుడే ఉండదు. అది పైకి వెళ్ళి, ఇక దిగనన్నట్టు అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. తీగ మెరుస్తుంది. అప్పుడు నా మెడ నొప్పి, చేతిలో బకెట్టు, పొయ్యి మీద పాలు ఉంచి వచ్చానా అన్న అనుమానం, అన్నీ పోతాయి. అది ఎవరిదీ కానట్టు ఉంటుంది పైన. తర్వాత కాళ్ళ కింద నేల ఒకసారి ఉలిక్కిపడుతుంది. అప్పుడు గానీ నాకు తెలివి రాదు.

సుత్తి అంటే పడదన్నానా. పడదు. కానీ అది గాలిలో ఉన్నంతసేపు నేను ఆ మాట మర్చిపోతాను. ఆ మర్చిపోవడమే ఆ రోజు కొంప ముంచింది.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన శ్మశానంలో గోతులు తవ్వేవాడు. నలభై ఏళ్ళు అదే పని. "నాన్న తవ్వాడు, కూతురు పూడుస్తోంది, లెక్క సరిపోయింది," అని మా ఆయన హాస్యమాడతాడు. చిన్నప్పుడు బడి వదిలాక నేను ఆయన దగ్గరికే వెళ్ళేదాన్ని. మట్టిని ముట్టుకుని చెప్పేవాడు. ఇది కదిలించిన మట్టి, ఇది కదలని మట్టి అని. కదిలించిన మట్టిలో గాలి ఉంటుంది, పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారుతుంది. కదలని మట్టి చల్లగా, నున్నగా, గోడలా నిలబడుతుంది. ఎన్నేళ్ళు గడిచినా రెండూ ఒకటి కావు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి చెప్పమనేవాడు. చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకొకటి నేర్పాడు. పూడ్చిన మట్టిని కాలితో తొక్కకూడదు. పార వెనక్కి తిప్పి కొట్టు, దిమ్మిస వెయ్యి, ఏదీ లేకపోతే అరచేతుల్తో తట్టు, కాలు మాత్రం పెట్టకు. "కింద మనిషి ఉన్నాడమ్మా," అనేవాడు. ఎవరూ చూడని చివరి వరస గోతుల దగ్గర కూడా ఆయన మోకాళ్ళ మీద కూర్చునే తట్టేవాడు. ఆయన పోయిన రోజు కొత్త పనివాడు పార పక్కన పడేసి, బూట్లతో ఎక్కి మా నాన్న మీద మట్టిని దబదబా తొక్కాడు. నేను అక్కడే ఉన్నాను. వద్దు అందామని నోటి దాకా వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారోనని నీళ్ళు నమిలి ఊరుకున్నాను. పదిహేడేళ్ళయినా ఆ బూట్ల చప్పుడు నన్ను వదల్లేదు.

అందుకే గడ్డి మీద కూడా నేను కాలితో తొక్కను. కింద ఎవరూ లేరని నాకూ తెలుసు. కాలు లేవదు, అంతే.

మా పెద్ద మేస్త్రికి ఈ సంగతి చెప్పలేదు. ఆయనది కొండంత పొట్ట, ముక్కు మీద కోపం. మైదానంలో చీమ నడిచినా ఆయనకు తెలియాలి. అందరూ దిమ్మిస లేనప్పుడు మడమతో నాలుగు తొక్కులు తొక్కి పని కానిచ్చేస్తే, నేను మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తట్టడం చూసి ఆయనకు ఒళ్ళు మండేది. "నువ్వు గుంత పూడుస్తున్నావా, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నావా?" అనేవాడు. రెండుసార్లు వదిలేశాడు. పోటీలకు ముందు రోజు మాత్రం అందరి ముందూ గట్టిగానే చెప్పాడు. "చూడమ్మా, ఇది ప్రపంచ పోటీ. ఒక్క గుంత కూలిందని నా దాకా వచ్చిందంటే, నిన్ను గడ్డి మీద నుంచి తీసేస్తా. పై అంతస్తులో కుర్చీలు తుడుచుకుంటూ ఉంటావు. తర్వాత నన్ననుకోవద్దు."

నలభై వేల కుర్చీలు. అక్కడి నుంచి గడ్డి కనిపిస్తుంది గానీ వాసన రాదు.

రెండో వరసలో, అంటే అందరూ రెండోసారి విసిరేటప్పుడు జరిగింది. ఎడంచేతి పిల్ల గుండు నా పక్కనే పడింది. గుండ్రటి, ముద్దొచ్చే గుంత. మాస్టారు మేకు గుచ్చారు. పెద్ద బోర్డు మీద అంకె వెలిగింది. అరవై తొమ్మిది మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు. నేను మట్టి పోసి దిమ్మిస ఎత్తాను. ఒక్క దెబ్బ వేసేసరికి దాని పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది. కింద దిమ్మ అటు దొర్లిపోయింది. రెండో దిమ్మిస పొడుగామె దగ్గర ఉంది, అవతలి గీత దగ్గర. గూట్లోకి తర్వాతామె వచ్చేసింది. పొడుగామె అక్కడి నుంచే కాలు ఎత్తి చూపించింది, తొక్కెయ్యి అన్నట్టు. నా నడుముకున్న వాకీటాకీలో మేస్త్రి గొంతు కూడా అదే అంది. "కాలితో తొక్కు. టైమ్ లేదు."

నేను కూర్చుని చేత్తో తట్టాను. నాలుగు తట్లు. అది చాలదని నాకు తెలుసు. పైన గడ్డి ముక్క పెట్టి వచ్చేశాను. దిమ్మిస దొరకగానే మళ్ళీ వచ్చి గట్టిగా వేద్దామనుకున్నాను.

కాసేపటికి పొడుగామె తన దిమ్మిస తెచ్చిచ్చి నా విరిగినదాన్ని లోపలికి పట్టుకెళ్ళింది. మళ్ళీ వచ్చి తీసుకుంది. అలా ఇద్దరం ఒకదాంతోనే సర్దుకున్నాం. పదకొండు గుండ్లు పడ్డాయి ఆ మధ్యలో. ఆ గుంత దగ్గరికి వెళ్ళడానికి నాకు ఎన్నోసార్లు వీలు దొరికింది. వెళ్ళలేదు. మర్చిపోయాను. ఆకాశంలో ఆ వెలుగు నీలంగా మారుతూ ఉంది, గుండు వెనక గుండు లేచి దాంట్లో ఈదుతున్నట్టు వస్తున్నాయి, నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. దీనికి మా నాన్నను అడ్డం పెట్టుకోను. తొక్కకపోవడం ఆయన నేర్పింది. మర్చిపోవడం మాత్రం అచ్చంగా నాది.

మూడో వరస చివరికొచ్చింది. ఇంకా ఇద్దరే విసరాలి. ఎడంచేతి పిల్ల, ఆమె తర్వాత అందరికన్నా ముందున్న పెద్దామె. ఎడంచేతి పిల్ల తొమ్మిదో స్థానంలో ఉంది. ఎనిమిదో మనిషి దూరం అరవై తొమ్మిది అరవై. దాన్ని దాటితే ఆమెకు ఇంకో మూడుసార్లు విసిరే అవకాశం. లేకపోతే సంచి సర్దుకుని వెళ్ళిపోవడమే. ఇవన్నీ బోర్డు మీదే వేశారు.

ఆమె తిరగడం మొదలుపెట్టింది. అందరికీ ఎదురు దిక్కులో. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుండు లేచింది. ఎంత నెమ్మదిగా వచ్చిందో చెప్పలేను. దాని వెనక తీగ, తీగ వెనక పిడి, అన్నీ విడివిడిగా కనిపించాయి నాకు. నా వైపే వస్తోంది. అది దిగే చోటు నాకు ముందే తెలిసిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ గుంత.

నేల ఉలిక్కిపడింది. గడ్డి ముక్క మూత ఎగిరి పక్కన పడింది. వెళ్ళి చూస్తే గుండ్రటి గుంత కాదు, కోడిగుడ్డు ఆకారంలో పొడుగ్గా ఉంది. మాస్టారు వచ్చి, వంగి, దగ్గరి అంచు దగ్గర మేకు గుచ్చారు. తప్పు ఆయనది కాదు. ఎవరు చూసినా ఒకటే గుంత.

బోర్డు వెలిగింది. అరవై తొమ్మిది నలభై రెండు.

ఇందాకటి అంకే. ఒక్క సెంటీమీటరు తేడా లేదు. జనం అయ్యో అన్నారు, కొందరు నవ్వారు కూడా. పెద్ద తెర మీద ఆ పిల్ల మొహం కనిపించింది. అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కనుబొమ మీద చిన్న గాటు, నుదుటికి అంటుకుపోయిన జుట్టు. బోర్డు వైపు చూసి, ఇంకెవరి గురించో విన్నట్టు తల ఊపింది. వెళ్ళి బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

మాస్టారు అద్దం కర్ర తీసుకుని పక్కకు జరిగారు. నేను బకెట్టుతో మోకాళ్ళ మీద కూర్చున్నాను. అలవాటు కొద్దీ ముందు గుంతలో చెయ్యి పెట్టాను. దగ్గరి సగంలో పొడి ఇసుక, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. నేను పోసిందే. ఇంకా ముందుకు పోనిస్తే, ఒక జానెడూ నాలుగు వేళ్ళ దూరంలో, చల్లగా, నున్నగా, తడిగా తగిలింది కదలని మట్టి. అప్పుడే తెగిన అంచు. గుండు పడింది అక్కడ. దగ్గరి సగం దాని అదురుకు కూలిన నా పాత గుంత. మాస్టారు కొలిచింది నా తప్పుని. ఆ పిల్ల విసిరిన దూరాన్ని కాదు.

బకెట్టు నా చేతిలోనే ఉంది. రెండు దోసిళ్ళు పోస్తే చాలు. ఈ గుంత సంగతి ఇక ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ పిల్లకి కూడా. పైగా పూడ్చడమే నా పని, పూడ్చమనే నన్నిక్కడ పెట్టారు. చెప్పానంటే, మేస్త్రి అన్నంత పనీ చేస్తాడు. పదకొండేళ్ళ గడ్డి. పొద్దున్నే నీళ్ళు పెట్టేటప్పుడు చెప్పులు విప్పి నడిచే గడ్డి. గూటి వైపు చూశాను. పెద్దామె చేతులకు పొడి రాసుకుంటోంది. తెర మీద ఆ పిల్ల ఒక బూటు తీసి పక్కన పెట్టింది.

నా చెవుల్లో బూట్ల చప్పుడు వినిపించింది. పదిహేడేళ్ళ నాటిది.

"మాస్టారూ, ఆగండి," అన్నాను.

ఆయన అప్పటికే నాలుగడుగులు వేశారు. "ఏంటమ్మా? త్వరగా కానివ్వు, ఆవిడ వచ్చేస్తోంది."

"ఇది ఒక గుంత కాదండీ. రెండు."

"రెండేంటి?"

"ఈ దగ్గరిది ఇందాకటిది. రెండో వరసలో పడింది. పూడ్చింది నేనే, గట్టిగా వెయ్యలేదు. ఇప్పుడు గుండు పడింది దాని వెనకాల. ఆ అదురుకు ఇది కూలి రెండూ కలిసిపోయాయి."

ఆయన నా వంక అనుమానంగా చూశారు. "నీకెలా తెలుసు?"

"మీరే చెయ్యి పెట్టి చూడండి."

తెల్ల ప్యాంటు వేసుకున్న మనిషి. ఒకసారి గడ్డి వంక, ఒకసారి మోకాళ్ళ వంక చూసుకుని, కూర్చున్నారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ముందు ఇసుకలోకి, తర్వాత వెనక తడి అంచు మీదికి నడిపించాను. ఆయన మొహం మారిపోయింది. లేచి ఎర్రజెండా ఎత్తారు. గూట్లో అడుగు పెట్టబోతున్న పెద్దామె ఆగిపోయింది.

ఎర్ర కోటు వేసుకున్న పెద్ద జడ్జి మైదానం దాటి వచ్చింది. వస్తున్నంతసేపూ నాకు అదంతా ఎవరికో జరుగుతున్నట్టు ఉంది. ఆమె కూడా వంగి చెయ్యి పెట్టింది. ఇసుక పిడికెడు తీసి లైటు కింద చూసింది.

"ఇందాక ఇది పూడ్చిందెవరు?"

"నేనేనండీ."

"సరిగ్గా పూడ్చలేదని మీకు మీరే చెప్తున్నారా?"

"అవునండీ. దిమ్మిస విరిగింది. తర్వాత వేద్దామనుకుని మర్చిపోయాను."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత మాస్టారు చేతిలోని కర్ర తీసుకుని, ఆ తడి అంచు దగ్గర తనే మేకు గుచ్చింది. బోర్డు మీద పాత అంకె ఆరిపోయి కొత్తది వచ్చింది. అరవై తొమ్మిది డెబ్భై ఒకటి.

జనం కేకలు ఈసారి పక్క వీధిలో కాదు, నెత్తి మీదే వినిపించాయి. తెర మీద ఆ పిల్ల ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో లేచి నిలబడి ఉంది. ఎందుకు మారిందో ఆమెకు తెలియదు. ఎవరు మార్చారో తెలియదు. చేతులు రెండూ తల మీద పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. చివరామె కూడా విసిరింది, లెక్క తేలింది. ఎడంచేతి పిల్ల ఎనిమిదో మనిషిగా నిలిచింది.

నా నడుం దగ్గర వాకీటాకీ పలికింది. "లోపలికి రా."

బకెట్టు పొడుగామెకిచ్చాను. మైదానం అంచున నడుచుకుంటూ, జనం కూర్చునే మెట్ల కింద ఉన్న సామాన్ల గదికి వెళ్ళాను. గడ్డి కోసే యంత్రాలు, నీళ్ళ గొట్టాలు, విత్తనాల సంచులు. ఆ గది సగం నేలలోపల ఉంటుంది. దాని ఊచల కిటికీ సరిగ్గా గడ్డి ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే గడ్డిపరకలు అడవిలా కనిపిస్తాయి.

పెద్ద మేస్త్రి బల్ల దగ్గర నిలబడి విరిగిన దిమ్మిసకు పిడి బిగిస్తున్నాడు. చేతిలో సుత్తి. అసలైన సుత్తి, మేకులు కొట్టేది. నా వైపు చూడలేదు.

"ప్రపంచమంతా చూసింది," అన్నాడు. "నా మైదానంలో గుంత కూలడం."

"తప్పు నాదే."

"నీదే. చిలక్కి చెప్పినట్టు చెప్పా. కాలితో తొక్కు, కాలితో తొక్కు అని. ఒక్క తొక్కు తొక్కితే ఏం పోయేది నీకు? ఏంటి నీ కాళ్ళకొచ్చిన జబ్బు?"

పదకొండేళ్ళలో ఆయన కారణం అడగడం అదే మొదటిసారి. చెప్పేశాను. నాన్న పని, మోకాళ్ళ మీద కూర్చుని తట్టడం, కింద మనిషి ఉన్నాడమ్మా అనడం. ఆయన మీదే బూట్లతో తొక్కితే నోరు విప్పకపోవడం కూడా చెప్పాను. ఆ చివరి సంగతి మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మేకు మీద దెబ్బలు ఆగాయి.

"ఏ శ్మశానం?"

"వంతెన దాటాక. ఇటుక గోడది."

"ఎన్నేళ్ళు చేశాడు?"

"నలభై. పోయి పదిహేడేళ్ళయింది."

బయట ఒక గుండు పడిన అదురు గోడలోంచి వచ్చింది. నాలుగో వరస మొదలైనట్టుంది.

"మా అమ్మ అక్కడే ఉంది," అన్నాడు. "చివరి వరసలో. పంతొమ్మిదేళ్ళు. అప్పుడు నేను ఊళ్ళో లేను. వచ్చేసరికి అంతా అయిపోయింది."

"పంతొమ్మిదేళ్ళంటే మా నాన్నే ఉంటాడు."

"తొక్కలేదా?"

"తొక్కడు."

ఆయన సుత్తిని బల్ల మీద పెట్టాడు. ముక్కు గట్టిగా ఎగబీల్చి, దిమ్మిసను రెండుసార్లు నేలకు కొట్టి పిడి చూసుకున్నాడు. "రేపట్నుంచి కుర్చీలే. అన్న మాట అన్నదే. అందరి ముందూ అన్నా," అన్నాడు. "ఇప్పుడు నీ పక్క చూడటానికి మనిషి లేడు. నేనే ఏడవాలి." దిమ్మిస భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను కిటికీ దగ్గర బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. కళ్ళకు సమానంగా గడ్డి. ఆకాశం నీలం పోయి ఊదా రంగుకు వచ్చింది. గుండు లేవడం అక్కడి నుంచి కనిపించదు, దిగడమే కనిపిస్తుంది. ఎక్కడి నుంచో రాలిపడుతున్నట్టు ఒక్కొక్కటే వస్తున్నాయి. పడిన ప్రతిసారీ మేస్త్రి తన పొట్టను మోసుకుంటూ పరిగెత్తి, మట్టి పోసి, దిమ్మిసతో దబదబా నాలుగు వేసి వెనక్కి వస్తున్నాడు. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు నవ్వొచ్చింది, వెంటనే దిగులేసింది. రేపటి నుంచి ఈ గడ్డి నాది కాదు. అయినా ఇందాక నోరు విప్పినందుకు నాకు విచారం లేదు. లోపల ఏదో ఏళ్ళ తరబడి బిగుసుకున్నది వదులైనట్టుంది.

ఆరో వరసలో ఎడంచేతి పిల్ల చివరిసారి విసిరింది. గుండు నా పక్కకే వచ్చింది. ఇందాకటి చోటికి మూడు మూరల అవతల దిగింది. నేల అదిరింది. మాస్టారు మేకు గుచ్చారు. డెబ్భై ఒకటి సున్నా మూడు. జనం లేచి నిలబడ్డారు. ఆమె ఐదో స్థానానికి వచ్చింది. పతకం కాదు. ఆమె ఎంత సంతోషపడిందో నాకు కనిపించలేదు, తెర అటువైపు ఉంది.

నాకు కనిపించింది మేస్త్రి మాత్రమే. ఆయన పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్ళి ఆ గుంత దగ్గర ఆగాడు. చూశాడు. గుండ్రంగా, అంచు చెదరకుండా ఉండి ఉంటుంది. దోసిళ్ళతో మట్టి పోశాడు. తర్వాత దిమ్మిస ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

దిమ్మిసను పక్కన గడ్డి మీద పడుకోబెట్టాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది వంచాడు. ఆ పొట్టతో ఆయనకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. కూర్చుని రెండు అరచేతుల్తో ఆ మట్టిని తట్టడం మొదలుపెట్టాడు. గూట్లోకి తర్వాతామె వచ్చేసింది. మాస్టారు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. ఆయన వినిపించుకోలేదు. తడుతూనే ఉన్నాడు, నెమ్మదిగా, చుట్టూ, మధ్యలో.

నేను ఊచలు పట్టుకుని ఏడ్చాను. ఆయన గడ్డి ముక్క పెట్టి, దాని మీద కాలు పడకుండా పక్క నుంచి తిరిగి వచ్చాడు.